టాన్సీకి తోడు

ఎదకొచ్చిన ఆడ ఫెర్రెట్‌కి మగతోడు దొరక్కపోతే నీరసించి చచ్చిపోతుంది. కిందటేడు మాది ఒకటి అలాగే పోయింది. ముంగిసలా ఉండే ఈ జంతువంటే మా ఆయన విల్ఫ్‌కి ప్రాణం. కుందేళ్ళ వేట మానేశాక కూడా టాన్సీని చొక్కాలో వేసుకుని తిరుగుతాడు. ఇప్పుడది ఎదకొచ్చి, బొచ్చు రాలి, తిండి తగ్గి, గూట్లో ఓ మూల ముడుచుకుంది. ఎద తగ్గడానికి పశువుల డాక్టరు చేత సూది వేయించడమంటే మా యార్క్‌షైర్ బొగ్గుగని మగాళ్ళకి నామోషీ.

గని మూతపడ్డాక మా వీధి మొత్తానికి మగ ఫెర్రెట్ ఒక్కరి దగ్గరే మిగిలింది. మా తమ్ముడు నార్మన్ దగ్గర.

గని సమ్మె రోజుల్లో అందర్నీ కాదని వాడు పోలీసుల కాపలాతో పనిలోకి దిగాడు. అప్పటినుంచి పదకొండేళ్ళుగా వీధిలో ఎవరూ వాడితో మాట్లాడరు. ఎదురింట్లో ఉన్న తమ్ముణ్ణి నేను పరదా సందులోంచి చూసుకోవాలి. మా అమ్మ పోయినప్పుడు కూడా విల్ఫ్ నన్ను వాడి పక్కన నిలబడనివ్వలేదు. శవపేటికకి అటు వాడు, ఇటు మేము.

"డోరీన్, నువ్వు తీసుకెళ్ళు," అన్నాడు విల్ఫ్ గోడకేసి చూస్తూ.

"ఎక్కడికి?"

"తెలీనట్టు అడక్కు."

"మా అమ్మ పోయినప్పుడు వెళ్ళనివ్వలేదు. దీనికోసమైతే వెళ్ళొచ్చా?"

"చచ్చిపోతోందే!" ఆయన టాన్సీని ఎత్తి పెట్టెలో పడుకోబెట్టాడు.

నాకు జాలి వెయ్యలేదు, ఒళ్ళు మండింది. అయినా టాన్సీ ఏం చేసింది పాపం? పెట్టె పట్టుకుని రోడ్డు దాటాను.

తలుపు తీసిన నార్మన్‌కి దగ్గరనుంచి చూస్తే ఎంత ముసలితనం వచ్చేసిందో! "దారి తప్పావా అక్కా?" అన్నాడు.

"నోర్మూసుకుని టీ పెట్టు."

టాన్సీని మగదాని గూట్లో వదిలాం. అది దీని మెడ కరిచి ఈడ్చుకెళ్ళింది. వాటి సరసం అంతే.

"రెండ్రోజులు ఉంచాలి," అన్నాడు నార్మన్. "తర్వాత మళ్ళీ పరదా వెనక్కేనా?"

కిటికీలోంచి చూశాను. విల్ఫ్ మా గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. టాన్సీ ఎలా ఉందో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది ఆయనకి. కానీ ఈ ఇంటివైపు నోరు తెరిస్తే వీధంతా చూస్తుంది.

"ఈనేదాకా దాన్ని కదపకూడదని చెప్పు ఆయనకి," అన్నాను. "అక్క దగ్గరుండి చూసుకోవాలని కూడా చెప్పు."

"నేనెలా చెప్తాను? నాతో మాట్లాడడుగా!"

"మాట్లాడడు. అందుకే కాదని కూడా అనలేడు," అన్నాను, కోటు విప్పి కుర్చీకి తగిలిస్తూ.