పెద్దస్వామి నివాళి పేజీ

పెద్దస్వామి పోయాడన్న కబురు వచ్చేసరికి నేను పెరట్లో చేపలు కోస్తున్నాను. మా ఆయన గిరిబాబు పరుగున వచ్చాడు.

"గౌరీ, సేతులు కడుక్కుని బేగి రా. ఐటం పంపాల. రేపు నివాళి పేజీ ఏస్తారట."

ఆయన మా మండలానికి పేపరు విలేకరి. తిరిగేది ఆయన, రాసేది నేను. పెళ్లయిన కొత్తలో "నీ తెలుగు బాగుంటాది, ఒకపాలి సరిసూడు" అన్నాడు. సరిచూడటం ఎప్పుడు రాయడంగా మారిందో నాకే గుర్తులేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఫోనులో ప్రమాదాలు, ధర్నాలు, దేవుడి కల్యాణాలు టైపు చేస్తాను. పొద్దున్నే పేపర్లో కొడుకు పేరు చూసుకుని మా అత్త జగ్గమ్మ మురిసిపోతుంది. నా వైపు తిరిగి మాత్రం, "రోజల్లా ఆ ఫోను గీకుతునే ఉంటాది. ఇలగైతే ఇల్లెలా సాగుతాది?" అంటుంది.

చేతులు రెండుసార్లు కడిగినా నీచువాసన పోలేదు. అలాగే కూర్చుని మొదలుపెట్టాను.

తుపానుకి మా కన్నవారి ఊరు మునిగినప్పుడు పెద్దస్వామి ఆశ్రమం నుంచే పులిహోర పొట్లాలు వచ్చాయి. మా అమ్మ ఆ పొట్లం కళ్లకద్దుకుని తింది. అది రాశాను. కట్టించిన గోశాల గురించీ, చెప్పిన ప్రవచనాల గురించీ, ఆయన కాళ్లకు మొక్కిన నాయకుల గురించీ రాశాను. చివర్లో ఇంకొక వాక్యం రాశాను: 'భర్త పోయిన స్త్రీల గురించి ఆయన చేసిన వ్యాఖ్యల వల్ల కొందరు ఉపాధి కోల్పోయారు.'

ఆ కొందరిలో నా చెల్లెలు ఉష ఉంది. దాని మొగుడు గంగులు సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్కలే ఒడ్డుకి చేరాయి. తర్వాత కొన్నాళ్లకు బడిలో పిల్లలకు వండే పని దొరికింది. పిల్లలు ఉషక్క పప్పుచారని అడిగి మరీ పోయించుకునేవారు. అది మళ్లీ బొట్టు పెట్టుకుంది. జడలో కనకాంబరాలు తురుముకుంది. అప్పుడే పెద్దస్వామి ఊళ్లోకి ప్రవచనానికి వచ్చాడు. ఉషా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన మైకులో నవ్వుతూ, "మొగుణ్ని మింగి పూలు ముడుచుకున్న చేత్తో వండితే, ఆ కూడు మీ పిల్లల ఒంటికి పడుతుందా?" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఉష చేయి అప్పుడు నా చేతిలోనే ఉంది. మర్నాటి నుంచి పిల్లలు ఇళ్ల దగ్గర నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. ఉష వండిన అన్నం గిన్నెలో అలాగే మిగిలిపోయేది. వారం తిరక్కుండా దాన్ని పనిలోంచి తీసేశారు. ఇప్పుడది చెన్నైలో ఇటుకలు మోస్తోంది. బొట్టు పెట్టుకోవడం మానేసింది.

గిరిబాబు చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగాడు.

"ఇదేటి?"

"జరిగిందే కదా బావా."

"సచ్చిపోయినోడి మీద ఇలాటివి రాస్తారేటే? ఆశ్రమమోలు ఫుల్ పేజీ ప్రకటన ఇస్తన్నారు. తేడా వస్తే నా విలేకరి కార్డు పీకేస్తారు."

"మరి బతికున్నప్పుడు ఎందుకు రాయనేదు?"

"బతికున్నప్పుడు రాస్తే ఊరుకుంటారేటి?"

ఆ వాక్యం తీసేసి, దాని చోట తనే ఒకటి కొట్టాడు: 'ఆడపడుచుల శ్రేయస్సుకు పాటుపడ్డ మహనీయుడు.' ఇన్నేళ్లలో ఆయన సొంతంగా రాసింది అదొక్కటే. 'శ్రేయస్సు'కి ఒత్తు తప్పింది. అలవాటుకొద్దీ నేనే దిద్దాను.

మర్నాడు ఏ పేపరు చూసినా, ఏ చానెల్ పెట్టినా అవే మాటలు. అత్త టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది. మధ్యాహ్నం ఉష ఫోను చేసింది. వెనక కంకర కలిపే మిషను చప్పుడు.

"అక్కా, బావ రాసింది ఎవలో వాట్సాప్‌లో పెట్టినారు. సూసాను."

నేను ఫోను పట్టుకుని పెరట్లోకి వచ్చాను.

"టీవీలో కూడా అదే సెప్తన్నారు. ఆడోల బాగు కోరినోడట. ఇంతమంది సదువుకున్నోలు అబద్ధం సెప్పరు కదా?" గొంతు తగ్గించి అడిగింది. "ఆయన ఆ రోజు ఆ మాట అననేదేటక్కా? నాకే తప్పుగా ఇనబడిందేటి?"

పని పోయినప్పుడు కూడా దాని గొంతు అలా లేదు. అప్పుడు ఏడ్చింది, తిట్టింది. ఇప్పుడు తన చెవులనే అనుమానిస్తోంది.

ముందుగదిలో గిరిబాబు, అత్త, సంతాపసభ వివరాలు తెచ్చిన ఆశ్రమం మనిషి కూర్చుని ఉన్నారు. ఫోను చెవికి పెట్టుకునే నేను వాళ్ల మధ్యకు నడిచాను.

"అన్నాడు ఉషా," అన్నాను గట్టిగా. "మైకులో అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నీ సేయి నా సేతిలోనే ఉన్నాది. నేనిన్నాను."

ఆయనన్న మాటలు ఉన్నవున్నట్టు పైకి చెప్పాను. ఆశ్రమం మనిషి టీ గ్లాసు కింద పెట్టేశాడు. అత్త తలదించుకుంది. "గౌరీ!" అని గిరిబాబు లేచి నిలబడ్డాడు.

ఫోనులో మిషను చప్పుడు దూరమైంది; ఉష పక్కకు జరిగినట్టుంది. తర్వాత ఉష అంది, "ఇంకోపాలి సెప్పక్కా."

మళ్లీ చెప్పాను.