అన్నయ్య ఇచ్చిన పాత కారు

దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచకూడదంటారు. అన్నయ్య తన పాత కారు ఇచ్చినప్పుడు నేను చక్రాలు కూడా వంగి చూడలేదు. "పాపని బడికి దింపడానికి పనికొస్తుంది, తీసుకో చెల్లీ" అన్నాడు. తోడబుట్టినవాడు కదా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను కూడా. నా అంత వెర్రిబాగులది ఇంకెక్కడైనా ఉంటుందా!

పదో రోజు బడి గేటు దగ్గర బ్రేకు తొక్కితే నేలకంటా దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగాను. గోడకి జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో నా కూతురు, "మళ్ళీ చెయ్యమ్మా!" అని కిలకిలా నవ్వింది. దాన్ని లోపలికి పంపి, మెకానిక్‌కి ఫోన్ చేసి కారుని షెడ్డుకి లాగించాను.

షెడ్డులో మెకానిక్ ఎడమ వెనక చక్రం లోపలివైపు తడిమి, వేళ్ళు రుద్ది చూశాడు. "నీళ్ళు కాదమ్మా, బ్రేక్ ఆయిల్." డ్రమ్ము ఊడదీస్తే సిలిండర్ రబ్బర్లు చీకిపోయి ఉన్నాయి, బ్రేకు షూలు ఆయిల్లో నానిపోయాయి. తర్వాత బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా చూపించాడు. ఇంజన్ అంతా దుమ్ము, ఆ మూత ఒక్కటే తళతళలాడుతోంది.

"ఇది నిన్నా మొన్నటి లీకు కాదు. ఎవరో రోజూ మూత తీసి, కారినంతా మళ్ళీ పోస్తూ నెట్టుకొచ్చారు" అన్నాడు.

ఎవరో ఏమిటి? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది నా బతుకు.

రెండువైపులా సిలిండర్లూ షూలూ మార్చాక, గొట్టాల్లో గాలి తీయడానికి నన్ను సీట్లో కూర్చోబెట్టి తను కారు కిందికి దూరాడు. "తొక్కి పట్టుకోండి... ఆఁ, వదలండి... మళ్ళీ తొక్కండి." కింద సీసాలో బుడగలు ఆగేదాకా అదే పని. కాలు పెడల్ మీద ఉండగానే అన్నయ్యకి ఫోన్ చేసి, బ్రేకులు బాగుచేయించిన సంగతి చెప్పాను.

"ఓ, అదా? రోజూ కాస్త పోస్తే సరిపోతుంది. చెప్పడం మర్చిపోయాను."

"నీ పిల్లల్ని ఎప్పుడైనా ఎక్కించావా ఇందులో?"

"ఈమధ్య లేదు. మీ వదిన ఒప్పుకోలేదే."

అంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ తెలుసు. నా కూతురు మాత్రం ఎక్కొచ్చు. ఆ మాటే ఫోన్లో అనేశాను.

"బాగైపోయిందిగా, ఇంకెందుకా కోపం? వచ్చే వారం మాకోసారి ఇస్తావా? పిల్లలు షికారుకి వెళ్దామని ఒకటే గొడవ."

"ఇస్తాను. పిల్లలేం పాపం చేశారు? తాళాలు మెకానిక్ దగ్గర పెడతాను. ఇక్కడే తీసుకుని ఇక్కడే ఇచ్చెయ్యి. మా గుమ్మం మాత్రం తొక్కకు."