జవాబు చెప్పే అక్క

మూడోసారి కూడా గుండీ లాగి చూశాడు. ఊడలేదు. నాలుగోసారి లాగాడు. చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో ఇరవై రెండేళ్లుగా గుండీలు కుట్టడమే అతని పని. చూపుడువేలి కొస కాయ కాచి, గోరు పక్కకి వంగిపోయింది. తోటివాళ్లు ‘మళ్లీగారు’ అని పిలుస్తారు, మళ్లీ చూడందే దేన్నీ వదలడని. అతను కుట్టిన గుండీ ఒక్కటీ ఊడి రాలేదు గనక సూపర్‌వైజరు ఏమీ అనడు.

ఇంట్లో మాత్రం అది నవ్వులాట కాదు. పొయ్యి ఆర్పానా, కుళాయి కట్టేశానా, దారిలో ఎవర్నైనా తోసేశానా అంటూ రోజుకి వందసార్లు అక్కని అడుగుతాడు. అక్క ప్రతిసారీ ఒకే గొంతుతో చెప్పాలి. గొంతులో కాస్త విసుగు దొర్లిందా, ఆ జవాబు చెల్లదు, మళ్లీ మొదటికి రావాల్సిందే. ఈ జబ్బుకి మందులూ, మాటల వైద్యమూ పని చెయ్యకపోయాక పోయినేడు పెద్దాసుపత్రిలో అతని తలకి నాలుగు మరలతో చట్రం బిగించి, మెదడు లోపలికి కిరణాలు పంపారు. కత్తి లేదు, రక్తం లేదు.

“గుణం తెలియడానికి ఏడాది పట్టొచ్చమ్మా. తెలియకపోనూ వచ్చు,” అన్నాడు డాక్టరు అక్కతో.

పదకొండు నెలలైంది. నుదుటి మీద మరల గాయాలు మానాయి. ప్రశ్నలు మానలేదు.

ఆ పొద్దున కూడా గుమ్మంలో నిలబడి అడిగాడు.

“పొయ్యి ఆర్పానా అక్కా?”

“ఆర్పావు...” అక్క ఊపిరి అందక ఆగింది. “ఆర్పావురా.”

“సగంలో ఆగావు. మళ్లీ చెప్పు.”

గోడ పట్టుకుని మళ్లీ చెప్పింది. అతను బస్సెక్కాడు.

సాయంత్రం వచ్చేసరికి అక్క కిటికీ పక్క కుర్చీలో గోడకి తల ఆనించి ఉంది.

“గేటు వేశానా అక్కా?”

పలకలేదు. మూడుసార్లు అడిగి, చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఆ చెయ్యి వదలకుండా అలాగే నిలబడిపోయాడు, గేటు సంగతే తట్టలేదు.

“గేటు బార్లా తీసుందేం?” అంటూ పక్కింటామె లోపలికొచ్చి, అక్కని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంత సేపు గేటు గొడవ లేకుండా ఎలా ఉన్నానా అని అతనికే వింతగా తోచింది. అది విని సంతోషించే మనిషి ఒక్కతే, ఆ కుర్చీలో ఉంది.

“వచ్చేటప్పుడు వేశారా?” అన్నాడు.

“వేశాను బాబూ.”

“వేశారా?”

ఆమె నలుగుర్నీ పిలవడానికి వెళ్లింది. కుర్చీ పక్క స్టూలు మీద గ్లాసు నిండా నీళ్లు, దాని మూత మీద అక్క వేసుకుందామని అట్ట చింపి తీసిన తెల్లటి ఆయాసం మాత్ర ఒకటి.