వెనక్కి గుణించరాదు

గంగాధరప్పగారు అనంతపురంలోని విశ్వవిద్యాలయ కేంద్రంలో లీనియర్ ఆల్జీబ్రా బోధించడం ఆరంభించి ఈ కథ నాటికి పదహారేళ్ళు. బోధించడమని అనడం మర్యాద కొరకే, ఆయన చదివేవారు. పట్టుగుడ్డలో చుట్టిన నోట్సు పుస్తకాన్ని బల్లపై ఉంచి, విప్పి, కళ్ళకద్దుకుని, మొదటి పుట నుండి తుది పుట వరకు ఒకే కంఠస్వరంతో చెప్పుకుపోయేవారు. విద్యార్థులు తలలు వంచి రాసుకునేవారు. నలభయ్యవ పుటలో ఆయన ఒక ఛలోక్తి విసిరేవారు. పై తరగతివారి నోట్సులో ఆ చోట "ఇక్కడ నవ్వవలెను" అని ఎర్రసిరాతో రాసి ఉండేది గనుక, ఆ నవ్వు ఏ సంవత్సరమూ తప్పిపోలేదు.

ఆ నోట్సు ఆయన కూర్చినది కాదు. తమ గురువుగారు చెప్పగా రాసుకున్నది. ఆ గురువుగారు ఎవరు చెప్పగా రాసుకున్నారో ఎవరూ అడగలేదు. అడగకపోవడానికే ఆ కేంద్రంలో గురుభక్తి అని పేరు. వేదానికి సంత చెప్పే పాఠశాలలలో పసివాళ్ళు సైతం ఒక్కొక్క పదాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి వల్లిస్తారు. జట అనీ ఘన అనీ ఆ పద్ధతులకు పేర్లు. ఒక్క స్వరం జారినా అక్కడ పట్టుబడుతుంది. ఎం.ఎస్సి. గణితానికి అంతటి శ్రద్ధ అవసరమని మాత్రం ఎవరికీ తోచలేదు.

నలభై ఏడవ పుటలో ఒక మాత్రిక, అంటే మ్యాట్రిక్స్, దాని విలోమం, అంటే ఇన్వర్స్, ఉన్నవి. మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలు. విలోమంలో మూడవ అడ్డు వరుస మొదట ఐదు ఉండవలసిన స్థానంలో మైనస్ ఐదు కొలువుదీరి ఉంది. ఆ అడ్డగీత గురువుగారి పొరపాటో, శిష్యుని కలం కక్కిన సిరాయో చెప్పగలవారు లేరు. ప్రతి పరీక్షలోనూ ఆ లెక్క వచ్చేది. ప్రశ్నపత్రం కూర్చేదీ, జవాబులు దిద్దేదీ గంగాధరప్పగారే. పదహారేళ్ళుగా విద్యార్థులు మైనస్ ఐదు రాసి ఇరవైకి ఇరవై మార్కులు పొందారు. వారిలో కొందరు తామూ లెక్చరర్లై, ఆ మైనస్ ఐదును భక్తితో జిల్లా నలుమూలలకూ చేర్చారు.

ఈ పరంపరకు విఘాతం నాగలక్ష్మమ్మ వల్ల కలిగింది. ధర్మవరం మగ్గాల వీధి నుండి ఎం.ఎస్సి.కి వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. తండ్రి ముత్యాలప్ప పట్టుచీరలు నేస్తాడు. ఆమె పరీక్షలో ఐదు రాసింది. గంగాధరప్పగారు సున్న వేశారు. నలభై వస్తేగాని ఉత్తీర్ణత లేదు. ఆమెకు వచ్చినవి ముప్పై రెండు. అక్టోబరులో మరొక అవకాశం ఉంది. అప్పుడూ తప్పితే రెండవ సంవత్సరంలోనికి రానివ్వరు. మగ్గం ముందుకు మరలిపోవలసిందే.

ఆమె జవాబుపత్రం గురించి అడగడానికి ఆయన గదికి వెళ్ళింది.

"మాత్రికనూ దాని విలోమాన్నీ గుణిస్తే మూల నుంచి మూలకు పోయే కర్ణం మీద ఒకట్లు, తక్కిన చోట్ల సున్నలు రావల్ల కదా సార్. మీరు చెప్పింది పెట్టి గుణిస్తే ఒక సున్న చోట మైనస్ పది వస్తాండాది."

"గుణించమని నిన్నెవరడిగినారమ్మా? ప్రశ్నలో ఉండాదా?"

"లేదు సార్. మా ఇంట్లో నేసిన చీరను తిరగేసి చూడకుండా మడత పెట్టరు. ఆ అలవాటు."

"ఇది మగ్గం కాదు. పదహారేండ్లుగా ఎవురూ గుణించలేదు, అందరూ పాసైనారు. నువ్వు గుణించినావు, ఫెయిలైనావు. తప్పు యాడుందో నువ్వే చెప్పు."

ఆమె నమస్కరించి బయటికి వచ్చింది. వరండాలో సహాధ్యాయి ఈరన్న సంగతి విని జాలిపడ్డాడు.

"నీకెందుకక్కా ఈ తంటా? అక్టోబర్లో మైనస్ పెట్టు. పాసైనాక ఇంటికి పోయి తీసేసుకో."

శ్రావణమాసం వచ్చింది, వాన రాలేదు. వరలక్ష్మీ వ్రతానికి పట్టుచీర కావాలని గంగాధరప్పగారి భార్య ఓబులమ్మ కోరగా, దంపతులు ధర్మవరం వెళ్ళారు. మంచి పనివాడని ఎవరో చూపిన ఇంటిలో అడుగుపెట్టి చాపపై కూర్చున్నాక, మంచినీళ్ళు తెచ్చిన పిల్లను చూసి గంగాధరప్పగారు అటుగా చూడడం మానుకున్నారు.

ముత్యాలప్ప మామిడిపండు రంగు చీర విప్పి పరిచాడు. గంగాధరప్పగారు దానిని వెంటనే తిరగేశారు. పమిట చెంగు మొదలు అంచు చివర వరకు జానెడు జానెడుగా వేలు జరుపుతూ పరిశీలించి, ఒకచోట ఆగారు.

"ఏమప్పా ముత్యాలప్పా, ఈడ జరీ పోగు ఎగిరిపోయుండాదే."

ముత్యాలప్ప కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. "అవును సామీ. పోయుండాది."

"పైన చూస్తే ఏమీ అగపడలేదే," అంది ఓబులమ్మ.

"పైన చూసి పట్టుచీర ఎవరన్నా కొంటారా? అడుగున చూడల్ల. ఒక్క పోగు తప్పినా చీర తప్పే."

నాగలక్ష్మమ్మ చెంబు కింద పెట్టింది. "నేను చేసింది గూడా అదే సార్. తిరగేసి చూసినా."

"ఏం తిరగేసినావమ్మా?" అని ఓబులమ్మ అడిగింది.

"ఏందో లెక్కంట తల్లీ," అన్నాడు ముత్యాలప్ప. "పోగు తప్పుండాదని కనుక్కునిందంట. దానికి సున్నా ఇచ్చినారంట."

"ఎవురిచ్చినారు?"

ఇరవై ఏళ్ళ కాపురం చేసిన ఇల్లాలికి భర్త ముఖమే చాలు. ఆమె చీర కొంగు చేతిలోకి తీసుకుని నెమ్మదిగా అడిగింది. "మరి చీరను తిరగేసి చూసినందుకు మీకెన్ని వేయల్ల?"

గంగాధరప్పగారు నీళ్ళు తాగారు.

"మాది తప్పే సామీ," అన్నాడు ముత్యాలప్ప, చీర మడుస్తూ. "ఇది మీకియ్యను. మగ్గం మీద ఇంకోటి ఉండాది, వ్రతానికి ముందే అందిస్తా." తప్పును అంగీకరించడానికి అతనికి పట్టిన వ్యవధి కళ్ళజోడు సవరించుకున్నంత.

అక్టోబరు పరీక్షలో అదే మాత్రిక వచ్చింది. నాగలక్ష్మమ్మ కలం తీసింది. మైనస్ ఐదు రాస్తే రెండవ సంవత్సరం ఖాయం. ఐదు రాస్తే ఆయన దయ. ఆమె ఐదు రాసింది. దాని కింద తొమ్మిది స్థానాలనూ ఒక్కొక్కటిగా గుణించి చూపింది.

ఆ లెక్కకు ఇరవై మార్కులూ పడ్డాయి. ఆమె ఉత్తీర్ణురాలైంది. వివరణ గాని, విచారం గాని ఎవరూ తెలుపలేదు.

కార్తీకంలో ఒక ఉదయం ఆమె రెండవ సంవత్సరం తరగతికి పోతూ, మొదటి సంవత్సరం వారి కిటికీ వద్ద ఆగింది. లోపల నలభై ఏడవ పుట నడుస్తోంది. గంగాధరప్పగారు మూడవ వరుసకు వచ్చి, ఎప్పటి స్వరంతోనే "మైనస్ ఐదు" అని పలికారు. ముప్పై కలాలు దానిని గ్రహించాయి. తరువాత ఆయన పుస్తకం అంచున కొత్తగా రాసుకున్న వాక్యాన్ని చదివారు. పదహారేళ్ళలో ఆ నోట్సుకు చేరిన మొదటి కొత్త వాక్యమది.

"గమనిక. ఈ విలోమాన్ని వెనక్కి గుణించి చూడరాదు."

ముందు బెంచీ నుండి ఒక విద్యార్థి వినయంగా లేచాడు. "సార్, దీని కింద గీత కొట్టుకోవాల్నా?"

"కొట్టుకోండి," అన్నారు గంగాధరప్పగారు. "రెండు గీతలు."