రౌడీ మెడలో గడ్డ

మా అన్నయ్యంత మొండిఘటం ఈ భూమ్మీద ఇంకోడు లేడు. "మెడకి గొలుసు వెయ్యకన్నయ్యా, ఛాతీకి పట్టీ కట్టు" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేగా!

రౌడీ వాడి వెల్డింగ్ షాపు కాపలా కుక్క. దాని గొంతు పక్కన నిమ్మకాయంత థైరాయిడ్ కేన్సర్ గడ్డ. కోసేద్దామంటే పెద్ద రక్తనాళాన్ని అంటుకుని ఉందన్నాడు పశువుల డాక్టరు. నేను కేన్సర్ మందుల ల్యాబులో పనిచేస్తాను. ఇలాంటి గడ్డల్లో కణాల్ని పెరగమని ఎగదోస్తున్న ప్రొటీన్ ఏదో పట్టుకుని, దాని నోరు మూయించే మందు వెతుకుతాం. సూదితో తీసిన రౌడీ గడ్డ ముక్కలో అలాంటిదొకటి దొరికింది. డాక్టరు మందు మొదలెట్టాడు. ఆ మందు మింగిన మొదటి కుక్క మా రౌడీయే. అది బతికితే చాలు, ఇంకేం అక్కర్లేదనుకున్నాను.

రెండు నెలల తర్వాత ఓ పొద్దున షాపుకెళ్లేసరికి అన్నయ్య ముంజేతి నుంచి రక్తం కారుతోంది. ఇంకో చేతిలో ఇనప రాడ్డు. రౌడీ సిలిండర్ల పక్కన పళ్లు బయటపెట్టి గుర్రుమంటోంది. మెడకి గొలుసు! దాని కింద చర్మం ఒరుసుకుపోయి ఇంత లావున వాచింది.

"లాగితే కరిచింది! పిచ్చెక్కింది దీనికి. నీ మందూ లేదు, నీ బొందా లేదు. గడ్డ తగ్గిందా, చెప్పు?"

"నొప్పికి కరిచింది! అడ్డగాడిదలా మెడ పట్టి లాగితే ఊరుకుంటుందా? రేపు స్కాన్ ఉంది, ఒక్క రోజు ఆగు!"

"తప్పుకోవే!"

రాడ్డు ఎత్తాడు. నేను అడ్డం పడ్డాను. దెబ్బ నా ఎడమ చేతిమీద పడి ఎముక పటుక్కుమంది. అమ్మా అని కేక పెట్టాను.

ఆ కేకకి రౌడీ ఎగిరింది. గొలుసు కట్టిన గోడ రింగు ఊడొచ్చింది. అన్నయ్యని వెల్లకిలా పడేసి గొంతు పట్టుకుంది. "వదులు రౌడీ, వదులు!" అంటూ తన్నాను, గొలుసు పట్టి గుంజాను. వదిలితేనా! అన్నయ్య కళ్లు తేలేస్తున్నాడు.

కుడిచేత్తో రాడ్డు తీసుకున్నాను. మొదటి దెబ్బకి వదల్లేదు. రెండో దెబ్బకి పుర్రె లోపలికి దిగింది. నన్ను కొట్టాడనే కదా వాడిమీద పడింది, పిచ్చిది! నా చేతిలోనే చచ్చింది.

అన్నయ్య గొంతుకి తువ్వాలు అదిమిపెట్టుకుని లేచి కూచున్నాడు. పళ్లు మరీ లోతుగా దిగలేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. పక్కవీధిలోని పశువుల డాక్టర్ని మంచు డబ్బాతో రమ్మన్నాను. గడ్డ ముక్క పాడవకముందే ల్యాబు పరీక్షకి మంచులో పెట్టాలి. ఏడుస్తూనే అదీ ఆలోచించాను, నా బుద్ధి తగలెయ్య.

ముందు డాక్టరే వచ్చాడు. గొలుసు పైకి జరిపి మెడ కోశాడు. వాపంతా గొలుసు దెబ్బే, లోపల గడ్డకట్టిన నెత్తురు. అది తుడిచి చాలాసేపు వెతికాడు. చివరికి శనగ గింజంతది తీసి అరచేతిలో చూపించాడు.

"ఏంటది?" అన్నాడు అన్నయ్య.

"రౌడీ గడ్డ" అన్నాను.

"ఇంతేనా?"

"ఇంతే. మందు పనిచేసింది."

అన్నయ్య రౌడీ తల ఒళ్లోకి లాక్కున్నాడు. గొలుసు కొక్కెం తీయబోయాడు. నెత్తురు చేతుల్లో జారిపోతూ అది రావడం లేదు.

"నువ్వు తియ్యవే" అన్నాడు. "దానికి నొప్పి."