అలక అనుకున్నారు

తమ్ముడికి నలభై ఆరేళ్లు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. ఇరవై ఏళ్లుగా అక్కతోపాటే లాండ్రీలో పని. దుప్పటికి చెరో రెండు మూలలు పట్టుకుని, ఎదురెదురుగా నడిచొచ్చి మడతపెట్టడంలో ఆ ఇద్దరికీ సాటి లేదు. అలగడంలో మాత్రం వాడికి వాడే సాటి. అలిగాడంటే చెయ్యి వేలాడేసి, దుప్పటి మూల వదిలేసి, మూతి ముడుచుకుని కూర్చునేవాడు. బతిమాలేకొద్దీ బిగుసుకుపోయేవాడు. అందుకే అక్క ఒక కట్టుబాటు పెట్టింది. వాడు అలిగితే ఎవరూ పలకరించకూడదు, ఆకలేస్తే వాడే దారికొస్తాడు. అక్క మాటంటే లాండ్రీలో అందరికీ హడల్.

ఆ ఉదయం తొమ్మిదింటికి వాడి ఎడమచేతిలోంచి మూల జారింది. అక్క తీసి అందించింది. మళ్లీ జారింది.

"తల నొప్పెడుతోందక్కా."

"నిన్న కొత్త చొక్కా కొనలేదనేగా? నీ వేషాలు నాకు తెలీవా! పోయి కూర్చో."

పోయి కూర్చున్నాడు. ఇస్త్రీ చేసే ఆవిడ మంచినీళ్లు ఇవ్వబోతే అక్క కళ్లురిమింది. ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకెళ్లిపోయింది. అంతమంది పెద్దవాళ్లున్నారు, ఒక్కరికైనా వాడి మొహంలోకి చూడాలని తోచలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి పిలిస్తే వాడు పలకలేదు. గోడకు ఒరిగిపోయి, చొక్కా నిండా కక్కుకుని ఉన్నాడు.

ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. మెదడులో రక్తనాళం చిట్లింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి వయసు మీదపడకముందే మెదడు రక్తనాళాలు పెళుసెక్కుతాయని డాక్టరమ్మ చెప్పింది.

"బతుకుతాడా అమ్మా?"

"ఇప్పుడే చెప్పలేం. పొద్దున్నే తెచ్చుంటే బావుండేది."

అక్క మొహం చూసి జాలిపడిందేమో, డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ పైకే చదివింది. "తన బాధ తాను చెప్పుకోలేడు. అందుకే ఆలస్యమైంది." తలెత్తి, "ఇందులో మీ తప్పేం లేదు" అంది.

తప్పించుకునే దారి ఎంత తేలిగ్గా దొరికిందో! తలూపితే చాలు. సిగ్గులేని తల సగం ఊగింది కూడా. అంతలో అక్క డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"కొట్టేయండమ్మా ఆ మాట. వాడు చెప్పాడు. తొమ్మిదింటికే చెప్పాడు. నేనే వాడి నోరు మూయించాను."