రెండో గోలి

జములమ్మ తన చేలో అడుగుపెట్టక మూడేళ్లయింది. గద్వాల పక్క ఊళ్లో రెండెకరాల సీడ్ పత్తి ఆమెది, ఆడ మొక్కలకు మగ పువ్వు కలిపి విత్తనం తీసే పంట. కిటికీ తెరిస్తే చేను కనిపిస్తుంది, అంతవరకే ఆమెకు హక్కు. మట్టిలో బూజు, గాలిలో దుమ్ము, పదిమంది చేరితే దగ్గు. కిడ్నీ మార్పిడి అయిన మనిషికి అన్నీ గండాలే. కూలీలు సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలుస్తుంటే, పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దుతుంటే, ఆమె మాస్కు కట్టుకుని చువ్వల వెనక నుంచి కేకలు పెట్టేది. ఇంట్లో కూర్చున్న ఆసామి కేకలు పట్టించుకునేంత తీరిక ఎవరికుంది?

కిడ్నీ ఇచ్చింది తమ్ముడు దశరథం. భార్య వద్దని అలిగి పుట్టింటికి పోయినా వినకుండా ఇచ్చాడు. దాన్ని జములమ్మ చంటిబిడ్డను సాకినట్టు సాకుతోంది. పొద్దున తొమ్మిదికి రెండు గోలీలు, రాత్రి తొమ్మిదికి రెండు. ఒక్కపూట తప్పితే ఒట్టు.

ఇప్పుడు మెడ కింద గడ్డలు లేచాయి. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిందని తెలిసి అక్కాతమ్ముళ్లు కృష్ణ మీది బీచుపల్లి వంతెన దాటి వనపర్తి చేరారు. హైదరాబాద్‌లో కిడ్నీ వైద్యం చేసే డాక్టర్ మహీన్ నెలకోసారి సొంతూరు వనపర్తి వచ్చి రోగుల్ని చూస్తుంది. ఎంత చదివినా ఆమె నాలుక మీద ఊరి మాట పోలేదు.

"క్యాన్సర్ జాతిదే అమ్మా. కానీ దీన్ని కొట్టేటియి నీ ఒంట్లనే ఉన్నయి. టీ కణాలు అంటరు. ఎముకల మూలుగల పుడ్తయి. రొమ్ము ఎముక వెనక చిన్న గ్రంథి ఉంటది, అది వాటికి బడి. మనది ఏది, పరాయిది ఏది అని అక్కడ నేర్చుకుంటయి. మన కణాల మీదికే ఎగబడేటియి చాలామటుకు అక్కడ్నే సచ్చిపోతయి. మిగిలినయి ఒళ్లంత తిరుగుతుంటయి. చెడ్డ కణం దొరికిందనుకో, కొన్ని సాయం చేసేటియిగ మారుతయి, కొన్ని సంపేటియిగ మారుతయి. సంపేటిది దానికి అతుక్కుని, చిల్లు పెట్టి, లోపల మందు పోస్తది. ఆ కణం దానంతట అదే కూలిపోతది."

"మరి నావి ఏం చేస్తున్నయి మేడం?"

"నేనే పండబెట్టిన. తమ్మునిదైనా ఆ కిడ్నీ వాటికి పరాయిదే. దాని మీద పడతయనే గోలీలు ఇచ్చిన. అవి పండుకునేసరికి, నీ ఒంట్ల ఎప్పట్నుంచో దాక్కున్న వైరస్ ఒకటి కొన్ని కణాలను చెడగొట్టింది. ఆపేటోళ్లు లేక గడ్డలైనయి. రెండు గోలీల చోట ఒక్కటే ఏసుకో. టీ కణాలు లేస్తయి, గడ్డల్ని పడ్తయి."

"కిడ్నీని గిట్ల ముట్టవు గదా?"

మహీన్ అబద్ధం చెప్పలేదు. "ముట్టొచ్చు. అందుకే వారం వారం రక్తం చూస్తం."

జములమ్మకు ఇంకెవరూ వివరించనక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందటి ఏడాది కొత్త కూలీలను కల్తీ మొక్కలు పీకమని పెట్టి ఆమె బువ్వ తినడానికి పోయింది. తొందరలో ఆడ మొక్క ఆకు ఒక్కటే చూపించి, ఇలా లేనిదల్లా పీకండి అంది. తిరిగొచ్చేసరికి కల్తీ మొక్కలతోపాటు మగ వరుసలు కూడా గట్టు మీద పడున్నాయి. ఆకు వేరేగా ఉంది, పీకాం అన్నారు. వాళ్ల తప్పేముంది? నేర్పినట్టే చేశారు. పుప్పొడి లేక ఆ ఏడాది సగం పంట దండగైంది.

వనపర్తి నుంచి ఇంటికొచ్చి జములమ్మ ఏం చేసిందో తెలుసా? ఒక్క గోలి వేసుకోమంటే ఎప్పటిలాగే రెండూ మింగింది. మింగితే గడ్డలు పెరుగుతాయి, మానితే తమ్ముడి కిడ్నీ పోతుంది. ఎటు తిరిగినా గోడే. పెరిగేవి తన గడ్డలే కదా, పెరిగితే పెరగనీ అనుకుంది. దాన్ని త్యాగం అనుకుంది కూడా, పిచ్చిది.

రెండు వారాలకు గద్వాలలో చేసిన రక్తపరీక్ష గుట్టు రట్టు చేసింది. ఒంట్లో మందు ఏమాత్రం తగ్గలేదని మహీన్ ఫోన్ చేసింది దశరథానికే. అతను ఉన్నపళంగా వచ్చాడు. జములమ్మ తలుపు గడియ తీయలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"రెండూ మింగుతున్నవా అక్కా?"

"అవ్. నీ కడుపు కోసి ఇచ్చిందాన్ని నా చేతుల్తోటి సంపుకోమంటవా? రేపు నీ పెండ్లానికి మొకం ఎట్ల సూపియ్యాలె?"

పుట్టి బుద్ధెరిగాక దశరథం అక్క మీద గొంతు లేపింది లేదు. ఆ రోజు లేపాడు.

"నువ్వు సస్తే కిడ్నీ ఒక్కటే బతికి ఇంటికొస్తదా? నీతోటే కాట్లెకు పోతది. అక్క పాయె, నా కిడ్నీ పాయె. గిదేనా నువ్వు నాకు చేసే మంచి?"

ఈ లెక్క జములమ్మకు ఇన్నాళ్లూ తట్టనే లేదు. చువ్వలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రాత్రి ఒక్క గోలి మింగి, రెండోది డబ్బాలోనే ఉంచింది.

ఆరు వారాలు గడిచాయి. మళ్లీ వనపర్తి. మహీన్ ఆమె మెడ తడిమి చూసింది. గడ్డలు సగానికి సగం కరిగాయి. తర్వాత రక్తం కాగితం చూసింది. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఒకటి పాయింట్ రెండు నుంచి ఒకటి పాయింట్ తొమ్మిదికి ఎక్కింది.

"లేచినయి అమ్మా. గడ్డల మీద పడ్డయి, జర కిడ్నీ మీద గూడ పడుతున్నట్టున్నయి. రెండో గోలి మళ్ల ఏస్తే కిడ్నీ నిలబడొచ్చు, గడ్డలు మళ్ల రావొచ్చు. ఇంకొన్ని దినాలు గిట్లనే ఉంటే గడ్డలు పోవొచ్చు, కిడ్నీ సంగతి తెల్వదు. నీ మాట ఏంది?"

జములమ్మ తమ్ముడి వైపు తిరిగింది. కిటికీ దగ్గర అంత అరిచిన మనిషి ఇప్పుడు తలెత్తలేదు. అతని చేయి మాత్రం చొక్కా మీద, ఎడమ పక్క నడుం దగ్గర కిడ్నీ తీసిన కోత మీదికి పోయింది. పోయిన సంగతి అతనికే తెలిసినట్టు లేదు.

జములమ్మ ఆ చేతిని చూసింది. తను పోతే ఆ కిడ్నీ కూడా తనతోటే పోతుందని అతను కిటికీ దగ్గర చెప్పిన లెక్క గుర్తొచ్చింది.

"రెండో గోలి వద్దు మేడం," అంది.